స్వరం ఆగిన తర్వాత

నాలుగు రోజులుగా బాల్జాన్ ఒకే పని చేస్తోంది. అద్దాలు బిగించిన బాల్కనీలో, ఉప్పునీట వేసిన టమాటా సీసాల పక్కన, కంప్యూటరు ముందు కూర్చుని ఒక మీట నొక్కుతుంది. మంద్రంగా మోగే చెలో వాద్యం ఒక స్వరం పలికి ఆగిపోతుంది. ఆగిన తర్వాత కూడా ఆమె కళ్ళు మూసుకుని వింటూనే ఉంటుంది.

వంటింట్లో పిండి పిసుకుతున్న అత్తగారు ఖాదిషాకు ఓపిక నశించింది.

"ఏమే కోడలా, ఆ దూడ పొద్దుటినుంచి అరుస్తోంది. కాసిని పాలన్నా తాగించరాదూ?"

"పాలు కాదత్తయ్యా, దానికి కొట్టం వెతుకుతున్నా. మూడున్నాయి. ఏది తీసుకోవాలో తేలటం లేదు."

అత్తగారు వేళాకోళానికి అన్నా, బాల్జాన్ చెప్పింది నిజమే. టీవీ సీరియళ్ళకు సంగీతం కట్టడం ఆమె పని. అరవైమంది వాద్యగాళ్ళను కూర్చోబెట్టి వాయించే రోజులు వాళ్ళ అల్మాతీ నగరంలో ఎప్పుడో పోయాయి. ఇప్పుడంతా లైబ్రరీలే. ఒక్కో వాద్యం, ఒక్కో స్వరం విడివిడిగా రికార్డు చేసి కంప్యూటరుకు ఎక్కించి అమ్ముతారు. మీట నొక్కితే ఆర్కెస్ట్రా పలుకుతుంది. కొత్త సీరియల్‌కు ఏ లైబ్రరీ కొనాలో నిర్మాతకు శుక్రవారంలోగా చెప్పాలి. ఒకటి వియన్నాది, ఒకటి లండన్‌ది. మూడోది ఈ ఊరివాడే, ఆర్సెన్ చేసింది.

ఆర్సెన్ ఒకప్పుడు ఆమె శిష్యుడు. బూట్ల ఫ్యాక్టరీ పాత క్లబ్బు హాల్లో సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, హాలు ఖాళీగా ఉండే ప్రతి సోమవారం కూర్చుని, ఊళ్ళో వాద్యగాళ్ళ చేత రికార్డు చేయించాడు. బాల్జాన్ కూతురు ఐజెరె వయోలిన్ లాంటి వయోలా వాయించే పిల్లల ఆర్కెస్ట్రా సాధన చేసేదీ ఆ హాల్లోనే. ఈ ఆదివారం కొత్త ఏడాది పండగ నౌరుజ్ కచేరీ కూడా అక్కడే.

లైబ్రరీని ఎంచడంలో బాల్జాన్‌ది ఒక పద్ధతి. స్వరం ఎలాగూ అందరిదీ బాగానే ఉంటుంది. కమాను తీగను వదిలాక, ఆ ధ్వని గోడలకు తగిలి సన్నగిల్లి పోయే రెండు మూడు సెకన్లే అసలు సంగతి. దాన్ని ఆమె స్వరం తోక అంటుంది. తోక బాగుంటే హాలు మంచిదన్నమాట. వియన్నా తోక మరీ నునుపు. లండన్‌ది గంభీరమే కానీ చలి. ఆర్సెన్ హాలు తోకలో వెచ్చదనం ఉంది, చెక్క వాసన వస్తున్నట్టుంటుంది.

కానీ మంగళవారం ఆ తోకలో ఒకచోట "టక్" మని వినపడింది. తర్వాత ఇంకోచోట. ఆర్సెన్‌కు ఫోన్ చేసింది.

"బంగారంలాంటి తోకలు చేశావు గానీ, మధ్యలో ఈ టకటకలేమిట్రా? కుర్చీలా?"

"అయ్యో, కొన్ని మిగిలిపోయాయా అక్కా? రెండు రోజులివ్వండి, అన్నీ తుడిచేసి పంపిస్తా."

"తుడిచెయ్యి. తుడిస్తే నీదే తీసుకోమని చెప్తా."

అన్నమాట ప్రకారం గురువారం పొద్దున కొత్తది పంపించాడు. ఐజెరె వయోలా పెట్టె వీపున తగిలించుకుని, నానమ్మ చేతిలోంచి నూనెలో వేయించిన వేడివేడి బౌర్సాక్ ఉండలు రెండు లాక్కుని మధ్యాహ్నం రెండు గంటల సాధనకు వెళ్ళిపోయింది. బయట తడి మంచు పడుతోంది. మార్చి మంచు, నీళ్ళు తాగిన దుప్పటిలా బరువు. మూడు రోజులుగా వదల్లేదు.

బాల్జాన్ హెడ్‌ఫోన్ పెట్టుకుని కొత్తది వింది. ఎక్కడా టక్ లేదు. పాల మీది మీగడలా ఉంది. నిర్మాతకు ఉత్తరం రాయడం మొదలుపెట్టి, తేడా చూపిస్తే ఆర్సెన్‌కు నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని పాతది మళ్ళీ తెరిచింది. పాత ఫైళ్ళ పేర్లలో రికార్డు చేసిన తేదీలున్నాయి. వాటిని వరసగా పేర్చింది.

సెప్టెంబరులో ఒక్క టక్ కూడా లేదు. అక్టోబరులో రెండో మూడో. నవంబరులో ప్రతి పది స్వరాలకు ఒకటి. జనవరిలో మూడు స్వరాలకు ఒకటి. ఫిబ్రవరి చివరి సోమవారం నాటి వాటిలో ప్రతి తోకలోనూ ఉంది. కొన్నింటిలో టక్ తర్వాత సన్నగా, జల్లెడలోంచి పిండి రాలినట్టు ఒక చప్పుడు.

కుర్చీల చప్పుడయితే నెలనెలా పెరగదు.

ఆర్సెన్ ఒక్కో స్వరాన్ని మూడు చోట్లనుంచి రికార్డు చేశాడు. వాద్యం ముందు ఒక మైకు, కండక్టరు తల దగ్గర ఒకటి, పైన సీలింగుకు దగ్గరగా వేలాడదీసినవి రెండు. మూడింటినీ కలిపి వినడం అలవాటు. బాల్జాన్ వాద్యం ముందు మైకు మూసేసింది. టక్ తగ్గలేదు. రెండోది కూడా మూసేసి పై మైకులు మాత్రం ఉంచింది. ఈసారి చెవి పక్కనే ఎండుకొమ్మ విరిగినట్టయింది.

చప్పుడు వేదిక మీదినుంచి కాదు, పైకప్పులోంచి వస్తోంది.

ఐజెరెకు ఫోన్ చేసింది. మోగలేదు. సాధన మొదలయ్యే ముందు పిల్లల ఫోన్లన్నీ ఆపించి అట్టపెట్టెలో వేయిస్తారు ఆర్కెస్ట్రాను నడిపించే సపార్ మాస్టారు. ఆయన ఫోన్ కూడా అందులోనే ఉంటుంది.

కోటు తొడుక్కుంటుంటే అత్తగారు అడ్డం వచ్చింది. "ఎక్కడికే ఆ పరుగు?"

"క్లబ్బు పైకప్పు నిలబడేలా లేదత్తయ్యా."

"నోట్లో రాయి పడ! నౌరుజ్ ముందు అవేం మాటలే?" అని కసిరింది గానీ, కోడలి ముఖం చూసి తన శాలువా తీసి ఆమె మెడకు చుట్టింది. "పో, పో. పిల్లని తీసుకురా."

టాక్సీలోంచి ఆర్సెన్‌కు ఫోన్ చేసింది. ఆదివారం కచేరీ రికార్డు చేయడానికి అతను క్లబ్బులోనే సామాను సర్దుతున్నాడు.

"ఎన్ని తుడిచావురా మొత్తం?"

"రెండు వేల మూడు వందలక్కా!" అన్నాడు గర్వంగా. "యంత్రానికి వదల్లేదు, ఒక్కొక్కటీ చేత్తో తీశా."

"అన్నిసార్లు విన్నావు కదా. ఒక్కసారన్నా తలెత్తి పైకి చూడాలనిపించలేదూ?"

"రికార్డింగు పాడవుతోందనే అనుకున్నానక్కా," అన్నాడు గొంతు తగ్గించి.

"మాస్టారితో చెప్పి పిల్లల్ని బయటికి రప్పించు," అని బాల్జాన్ ఫోన్ పెట్టేసింది. తుడిచెయ్యమన్నది తనే. తనకూ తోకే కనిపించింది, హాలు కనిపించలేదు.

క్లబ్బు గేటు పక్కన పాత టిక్కెట్ల గది ఉంది. ఆర్సెన్ సామానంతా అందులోనే. అక్కడినుంచి తీగలు పెరడంతా దాటి హాల్లోకి పోతాయి. ఆర్సెన్ మాట నమ్మక, టీ తాగడానికి మాత్రం బయటికి వచ్చిన సపార్ మాస్టారు కప్పు పట్టుకుని గుమ్మంలోనే దొరికారు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఊళ్ళో సగంమంది వాద్యగాళ్ళకు గురువు.

"అమ్మా బాల్జాన్, ఇదేం మాట?" అన్నారు అంతా విని. "పోయిన వేసవిలోనే సీలింగుకు రంగులు వేయించారు. పాత కట్టడం, మూలుగుతుంది. నా మోకాళ్ళు మూలగడం లేదూ?"

"మీ మోకాళ్ళ మీద మూడు రోజుల మంచు లేదు మాస్టారూ. రంగు వేసినవాళ్ళు సీలింగు కింద చూస్తారు గానీ పైన ఏముందో చూడరు. మీరు నా మాట నమ్మొద్దు. మీ చెవుల్ని నమ్మండి."

ఆయన విసుక్కుంటూనే హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. బాల్జాన్ సెప్టెంబరు నుంచి వరసగా వినిపించింది. నవంబరు దగ్గర ఆయన కప్పు కింద పెట్టారు. ఫిబ్రవరి వచ్చేసరికి కళ్ళు మూసుకున్నారు.

"ఇది పోయిన నెల," అన్నారు. "ఇవాళ్టిది వినిపించు."

పై మైకులు అప్పటికే వేలాడుతున్నాయి. ఆర్సెన్ వాటిని తెరిచి రెండో హెడ్‌ఫోన్ బాల్జాన్‌కు ఇచ్చాడు. పిల్లలు తీగలు సవరించుకుంటున్నారు. ఎవరో నవ్వుతున్నారు. ఆ గొడవలో ఐజెరె గొంతు, "నా కమానుకు రుద్దే రోజిన్ ముక్క ఎవరు తీశారే?" అని.

సపార్ మాస్టారు వేదిక మీదికి మాట్లాడే మైకు అందుకున్నారు. "పిల్లలూ, ఎక్కడివాళ్ళక్కడ కదలకండి. ఊపిరి కూడా మెల్లగా."

నలభై ఏడుగురు పిల్లలు ఒక్కసారిగా ఆగిపోయారు. ఆయన నేర్పిన నిశ్శబ్దం అలాంటిది.

టక్.

బాల్జాన్ లోలోపల లెక్కపెట్టింది. ఆరు అంకెలయ్యాయి.

టక్. ఆ వెంటనే పిండి రాలిన చప్పుడు. ఒక పిల్ల చిన్నగా తుమ్మింది.

మాస్టారు మళ్ళీ మైకులోకి వంగారు. గొంతు మాత్రం రోజూ ఉన్నట్టే ఉంది. "మంచిది. ఇప్పుడు వాద్యాలు కుర్చీల మీద పెట్టేయండి. వెనక వరసనుంచి ఒకరి వెనక ఒకరు బయటికి నడవండి. పరిగెత్తినవాళ్ళకు ఆదివారం చోటు లేదు."

హెడ్‌ఫోన్‌లో అడుగుల చప్పుడు, కుర్చీల రాపిడి. మధ్యలో టక్. మూడు అంకెలకే మళ్ళీ టక్. బాల్జాన్‌కు కిటికీలోంచి హాలు తలుపు కనిపిస్తోంది. ఒక్కొక్కరే మంచులోకి వస్తున్నారు, కోట్లు లేకుండా. ఆర్సెన్ బయట నిలబడి పైకి లెక్కపెడుతున్నాడు. నలభై నాలుగు. నలభై అయిదు. ఐజెరె నలభై ఆరు. వయోలా చంకలో పెట్టుకునే వచ్చింది, మాట విననిది. చివరగా ముందు వరస కుర్రాడు.

ఐజెరె వచ్చి తల్లి పక్కన చేరింది. వయోలా మీద తెల్లటి పొడి. మంచనుకుని బాల్జాన్ శాలువా అంచుతో తుడిచింది. కరగలేదు, సున్నంలా గరగరలాడింది.

పది నిమిషాలు గడిచాయి. పైకప్పు ఎప్పటిలాగే ఉంది. పిల్లలు చలికి గంతులేస్తూ నవ్వుకుంటున్నారు.

"తలుపు తెరిచే ఉంది, చెలోలు చలికి పగిలిపోతాయి," అన్నారు మాస్టారు గుమ్మం దిగుతూ. "రెండడుగుల్లో వెళ్ళి కనీసం నాలుగైనా ఈ గదిలోకి తెచ్చేస్తాను. ఏమీ కాకపోతే ఊరంతా నన్ను చూసి నవ్వుతుంది."

"నవ్వనివ్వండి." బాల్జాన్ ఆయన చెయ్యి పట్టుకుని, తన హెడ్‌ఫోన్ తీసి ఆయన చెవులకు పెట్టింది.

ఆయన విన్నారు. ఇప్పుడు లెక్కపెట్టడానికి మధ్యలో ఖాళీ లేదు. అది ఆయన ముఖంలోనే తెలిసిపోయింది. మెల్లగా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, పిల్లల వైపు తిరిగారు.

"రోడ్డు దాటండి. అందరూ. ఇప్పుడే."

బాల్జాన్ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుమ్మం దాటుతూ ఒక్కసారి వెనక్కి చూసింది. బల్ల మీద హెడ్‌ఫోన్ బోర్లా పడి ఉంది. చెవులకు పెట్టుకోకుండానే ఆ చప్పుడు వినపడుతోంది.