విజయరత్నం సాక్ష్యం

దుప్పటి అంచులు పరుపు కిందికి దోపి, ముడతలు అరచేత్తో సాపు చేసి, విజయరత్నం నడుం పట్టుకుని లేచింది. పొట్టి మనిషి. వారమంతా ముసలివాళ్ల నర్సింగ్ హోమ్‌లో గ్లౌజులు తొడగడం, విప్పడం, మళ్లీ తొడగడం. మణికట్ల దగ్గర చర్మం తెల్లగా పొలుసులు లేచి ఉంటుంది. ఆదివారం ఆ ఉద్యోగానికి సెలవు. అయినా అదే పని ఇక్కడ, రాజారావు గారింట్లో, ప్రభువు పేరున చేస్తోంది.

రాజారావు గారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని బయట మంచు చూస్తున్నారు. కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయిన మనిషి. భార్య రాధారాణి పోయాక గుండె నీరసించి, కాళ్లు వాచి, గడప దాటడం మానేశారు. ఈ ట్రాయ్ ఊళ్లో తెలుగు క్రైస్తవ సంఘం మొదటి ప్రార్థన జరిగింది ఈ హాల్లోనే. ఇప్పుడు ఆ సంఘం ఓ అమెరికన్ చర్చిలో హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడుకుంటోంది. రాలేనివాళ్లు ఫోన్లో వినొచ్చు.

విజయరత్నం క్యారియర్ విప్పి అన్నం, సొరకాయ పప్పు పళ్లెంలో పెట్టింది. పట్టుచీర మీద ఏప్రన్ కట్టుకుంది. ఇవాళ సంఘం వార్షికోత్సవం. పరిచర్యలో ముందున్నందుకు ఆమెకు శాలువా కప్పుతామని పాస్టరు మనోహర్ గారు ముందే చెప్పారు.

"ఇవాళ కాసేపు కూర్చోమ్మా," అన్నారు రాజారావు గారు.

"లేటవుతుందండీ అన్నయ్యగారూ. పాటలు మొదలెట్టేస్తారు."

ఆయన పప్పన్నం కలిపారు. నోట్లో పెట్టుకోలేదు.

"పోయిన వారం సంఘంలో నువ్వు చెప్పిన సాక్ష్యం ఫోన్లో విన్నాను."

ఆమె ముఖం విప్పారింది. "విన్నారా? బాగా వినబడిందా?"

"అంతా వినబడింది. నేను పక్క తడుపుకోవడం, ఆ బట్టలు నువ్వు ఉతకడం, నన్ను పసిపిల్లాడిలా తుడవడం. అందరూ స్తోత్రం అన్నారు కదా, అదీ వినబడింది."

ఆమె గరిటె క్యారియర్‌లో పెట్టేసింది.

"మీ పేరు చెప్పలేదండీ. మంచం పట్టిన ఒక పెద్దాయన అన్నాను, అంతే."

"నువ్వు వెళ్లే పెద్దాయన ఈ ఊళ్లో ఇంకెవరున్నారమ్మా?"

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె ఏదో ఒకటి అనగలిగేది.

"దేవుడికి మహిమ రావాలనే చెప్పానండీ."

"అయ్యుండొచ్చు." ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగారు. "నా కోసం వస్తున్నావనుకున్నాను."

ఆమె ఏప్రన్ విప్పి, మాత్రలు పళ్లెం పక్కన పెట్టి, కోటు తొడుక్కుంది. తలుపు దగ్గర ఎప్పుడూ అనే మాటే అంది. "సాయంత్రం వస్తాలెండి."

ప్రతి ఆదివారం అలాగే అంటుంది. ఏ సాయంత్రమూ రాలేదు. సెలవు తీసుకోవడానికి అదొక మాట. ఆయనా ఎప్పుడూ తల ఊపుతారు. ఇవాళ కూడా ఊపారు.

కారు తీసి చర్చి దారి పట్టింది. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్లూ ఆమె 'ఆయా'. బతికి ఉండగా మొగుడికి 'ఏమే'. ఇక్కడికి రప్పించిన సొంత అన్న ఇంట్లో 'విజ్జీ, టీ'. నర్సింగ్ హోమ్‌లో నోరు తిరగక 'విజ్' అంటారు. పాస్టరు గారు మొదటిసారి మైకులో "సిస్టర్ విజయరత్నం" అన్నప్పుడు, ఆ పేరు హాలు నాలుగు మూలల నుంచీ తిరిగొచ్చి ఆమె రొమ్ముకు తగిలింది. పూర్తి పేరు. పెళ్లిలో కూడా అంత స్పష్టంగా ఎవరూ పిలవలేదు.

ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు ఒక సంగతి తట్టింది. పోయిన వారం ఆ దుప్పట్లు మెషిన్‌లో వేస్తున్నప్పుడే ఆమె సాక్ష్యం మాటలు పేర్చుకుంటోంది. వాసన సంగతి ముందు చెప్పాలా, చివర చెప్పాలా అని కూడా ఆలోచించింది. వెనక కారు హారన్ కొట్టేదాకా లైటు మారినట్టు చూసుకోలేదు.

హాలు నిండిపోయింది. పాటలయ్యాక పాస్టరు గారు ఆమె పేరు పిలిచారు. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు.

"సిస్టర్ గారు రెండు మాటలు చెప్తారు," అంటూ మైకు చేతికిచ్చారు.

నాలుక అలవాటు కొద్దీ కదిలింది. "మంచం పట్టిన ఒక పెద్దాయన..." అంది. కిటికీ పక్కన ఆయన చెవికి ఆనించుకున్న ఫోను గుర్తొచ్చింది. మాట అక్కడే తెగిపోయింది. కళ్లు నిండాయి. మైకు తిరిగి ఇచ్చేసింది.

"చూశారా మన సిస్టర్ గారి తగ్గింపు మనసు," అన్నారు పాస్టరు గారు. "చేసింది చెప్పుకోవడానికి కూడా మనసు రావడం లేదు." ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

ఆమెకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. అందరూ భోజనాలకు లేస్తుంటే శాలువా తీసి కుర్చీ మీద పెట్టి బయటికి నడిచింది. ఆయన కోసం పోతున్నానా, నా గుండె బరువు దింపుకోవడానికా? దారి పొడుగునా అదే ప్రశ్న. జవాబు దొరక్కుండానే ఆ ఇల్లు వచ్చింది.

ఇంకా వెలుతురుంది. తాళం తీసి, "అన్నయ్యగారూ, వచ్చానండీ," అంది.

ఆయన వంటింట్లో, బల్ల దగ్గర కుర్చీలో ఉన్నారు. కిటికీ దగ్గర్నుంచి అంతదూరం ఒక్కరే ఎలా నడిచారో. తల ఒక పక్కకు వాలింది. ఆమె ఎన్నో మరణాలు చూసిన మనిషి; మెడ మీద వేళ్లు పెట్టకముందే తెలిసింది. అయినా పెట్టింది. అంబులెన్సు కోసం తొమ్మిది ఒకటి ఒకటికి ఫోన్ చేసి అడ్రస్ చెప్పింది. ఆయన కళ్లద్దాలు సరిచేసింది. జారిన శాలు భుజం మీదికి లాగింది. ఇది ఏ సాక్ష్యంలోనూ చెప్పనని పైకే అంది. ఆ మాట కూడా ఎవరైనా వినాలని అన్నానేమోనని భయం వేసింది.

చేయడానికి ఇంకేమీ లేదు. ఎదుటి కుర్చీ లాక్కుని, ఆ ఇంట్లో మొదటిసారి, కూర్చుంది.

బల్ల మీద నారింజ తొక్కలు చిన్న చిన్న ముక్కలుగా పడి ఉన్నాయి, వణికే చేతులు ఒలిచినట్టు. ఆయన ముందున్న సాసర్లో నాలుగు గింజలు. ఆమె ముందు, ఎండిపోకుండా గిన్నె బోర్లించిన ఇంకో సాసర్. గిన్నె ఎత్తి చూసింది. పీచు తీసి, గింజలు తీసి, సగం నారింజ తొనలు.