ఇరుళప్పన్ రెండు వేళ్లు

పొద్దున ఆరింటికి కోవిల్‌పట్టి బస్టాండులో విరుదునగర్ బస్సు కదిలేది. కూతురు ముత్తుప్పేచ్చికి కిటికీ పక్కన చోటు దొరికేదాకా ఇరుళప్పన్ కిందే నిలబడేవాడు. సద్దిగిన్నె చేతికిచ్చి, అప్పుడు అగ్గిపెట్టెల కంపెనీకి పోయేవాడు. రెండేళ్లుగా ఇదే వరస. విరుదునగర్‌లో లేత్ మిషను మీద ఇనుము చెక్కే టర్నర్ పని నేర్చుకునే ఇరవైమందిలో ఆడపిల్ల ముత్తుప్పేచ్చి ఒక్కతే.

ఇరుళప్పన్ కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ వెంబకోట్టైలో టపాకాయలు చేసేచోట పేలుడులో పోయినాయి. పోయినాయంటే కంటికి కనబడకుండా పోయినాయి, అంతే; తాకితే ఉన్నాయి. పని మానలేదు. చెక్క చట్రాల్లో అగ్గిపుల్లలు పేర్చడంలో అతనంత వడిగల చెయ్యి కంపెనీలో ఇంకోటి లేదు. వీధిలో చంటిపిల్లలు ఆ వేళ్లనే పట్టుకుని నడక నేర్చారు. గోళ్లు తీసుకున్నావా అని మాత్రం తల్లులు అడిగేవాళ్లు.

ముత్తుప్పేచ్చికి కొలతలు బాగా వచ్చు. తొందరే ఎక్కువ. నీ చెయ్యి నీకన్నా ముందు పోతుందని పని నేర్పే దొరైసామి ఎన్నోసార్లు చెప్పాడు. ఆ తొందరలోనే మొదటిసారి పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే ఏళాయిరంపన్నైలో టపాకాయలు కట్టే పనికి పంపుదామని తల్లి గురువమ్మాళ్ అక్కడివాళ్లతో మాట్లాడి వచ్చింది. ఇరుళప్పన్ ఎదురు చెప్పలేదు. ఆ పూట అన్నం మాత్రం తినలేదు.

రెండో పరీక్షనాడు కిటికీలోంచి గిన్నె అందిస్తూ కూతురి మణికట్టు కాసేపు పట్టుకున్నాడు. బస్సు సాత్తూరు దాటినా ఆ పట్టు అట్లాగే ఉంది. రెండు వేళ్ల పట్టు. ఇవి లేకుండా నాయన ఈ పొద్దు పుల్లలు ఎట్లా పేరుస్తాడని ఆమెకు కోపం వచ్చింది. వెనక్కి పోయే వీలు లేదు.

పరీక్షలో ఇనుప కడ్డీని నాలుగు కొలతలకు చెక్కాలి. మూడు అయినాయి. కడ్డీ తిప్పి, దాన్ని పట్టుకుని తిరిగే చక్‌లో పెట్టి, తాళంచెవితో బిగించింది. టైము మించిపోతోంది. మిషను నడిపే పిడి మీదికి చెయ్యి పోయింది. మణికట్టు మీది వేళ్లు పోనివ్వలేదు. గుంజుకుంది. వదల్లేదు.

"విడు నాయనా, టైము లేదు," అంది లోగొంతుతో.

అప్పుడు చూసింది. బిగించిన తాళంచెవి చక్‌లోనే ఉంది. మిషను తిరిగి ఉంటే అది ఎగిరి మొహానికే తగిలేది. తీసి పక్కన పెట్టింది. పట్టు సడిలింది. పరీక్ష పాసయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇరుళప్పన్ అరుగు మీద కూచుని ఉన్నాడు. ఒక్క పుల్లా పట్టలేకపోతే కంపెనీవాళ్లు మధ్యాహ్నమే పంపేశారని గురువమ్మాళ్ చెప్పింది. ముత్తుప్పేచ్చి పక్కన కూచుని మణికట్టు చాచింది.

"తీసుకో నాయనా."

"నీకాడే ఉండనీ పాపా."

"నీ పనికి ఏమి చేస్తావు?"

"పుల్లలు ఎవురైనా పేరుస్తారు. నాకు ఎనిమిది చాలు. నీకు పదీ మిగలాల."

మరుసటి నెల ఆమె విరుదునగర్‌లో ముత్తురామన్ వర్క్‌షాపులో చేరింది. ఇరుళప్పన్ ఒక మగ్గాల షెడ్డుకి కాపలాకి కుదిరాడు. మిషను తిప్పే ముందు ఈ పిల్ల ఎందుకు ఆగుతుందని ముత్తురామన్ రెండు నెలలు అడిగాడు, తర్వాత మానేశాడు. మణికట్టు మీద పట్టు సడిలేదాకా ఆమె ఆగేది. సడిలినాకే పిడి లాగేది.