పలకకూడని పేరు

మా సంతలో పక్కపక్కనే కూర్చునే ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం నేనెప్పుడూ వినలేదు. లక్కే చింతపండు అమ్ముతుంది. బుల్లమ్మ తన రేకుల షెడ్డులో ఎండుచేపలు, మిరపకాయలు అమ్ముతుంది. లక్కే తోంగ్‌పాల్ వైపు నుంచి మా కొంటా వైపుకు, ఒక దోర్ల ఆదివాసీ ఇంటికి కోడలుగా వచ్చింది. బుల్లమ్మ వాళ్లు కూలికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగువాళ్లు. పడుచు వయసులో ఇద్దరూ కలిసి జగదల్‌పూర్ గోంచా పండక్కి వెళ్లి, రథం ముందు ఒకరి నోట్లో ఒకరు ప్రసాదం పెట్టుకున్నారు. బస్తర్‌లో అలా పెట్టుకున్నవాళ్లు మహాప్రసాద్ అయిపోతారు. తోడబుట్టినవాళ్లకంటే ఎక్కువ. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు, ‘మహాప్రసాద్’ అనే పిలవాలి. పేరు పలికితే బంధం తెగినట్టే.

నేను వాళ్లకెదురుగా ఫోన్లు బాగుచేస్తాను. లక్కే కొడుకు వీరేందర్ తన మొదటి ఫోను నా దగ్గరే కొన్నాడు. మొదట్లో విత్తనాల పండగ, తమ భాష దోర్లిలో పాటలు తీసి వీడియోల యాప్‌లో పెట్టేవాడు. చూసేవాళ్లం మేమే. ఒకసారి పండగ వేటకు విల్లంబులతో బయల్దేరిన ముసలివాళ్లను తీసి పెడితే, మారణాయుధాలు ఉన్నాయని యాప్ వాళ్లు ఆ వీడియో తీసేశారు. ఆ ముసలివాళ్లు ఆ రోజు ఒక్క కుందేలును కూడా కొట్టలేకపోయారు పాపం.

ఆ కోపంలో వాడు కెమెరా ముందు కూర్చుని, మమ్మల్ని ఎవరూ బతకనివ్వరని అరిచాడు. అది ఊరూరా తిరిగింది. పాడితే వినని లోకం తిడితే విన్నది. తిట్టడానికి ఇక రోజూ ఎవరో ఒకరు కావాలి కదా. అధికారులు అయిపోయారు, కాంట్రాక్టర్లు అయిపోయారు, మిగిలింది పరాయివాళ్లు. ఎక్కడో పట్నంలో ఉండే ఒక నాయకుడి మనుషులు వాడికి ఫోన్లు చేసి భుజం తట్టసాగారు. వాడి మాట మారింది, నడక మారింది. ఇంట్లో కూడా ఉపన్యాసమే.

కిందటి వారం బుల్లమ్మ షెడ్డునూ, ఆమె ముఖాన్నీ చూపిస్తూ వీడియో పెట్టాడు. మా పొలం గుంజుకున్న పరాయిది, బుల్లమ్మ, ఇదేనన్నాడు. వచ్చే సంతలో ఈ షెడ్డు పీకి శబరి ఏట్లో పారేద్దాం, అడ్డొస్తే కొట్టి తరుముదాం రండి అన్నాడు. అంతా దోర్లిలోనే.

నిజానికి భర్త జోగ చనిపోయాక లక్కే బతిమాలితేనే బుల్లమ్మ ఆ పొలంలో మిరప వేస్తోంది. పంటలో సగం లక్కే ఇంటికి పోతుంది. ఆ సగమే వీరేందర్‌ను కొంటాలో చదివించింది. వీడియోలో ఆ సగం లేదు.

వాణ్ని దుకాణానికి పిలిచాను.

“అది తీసెయ్ రా. చిన్నమ్మ అని పిలిచినవు గదా ఆమెను.”

“తీస్తే మల్ల నన్నెవడు చూస్తడన్నా?” అన్నాడు. కళ్లు ఫోనులోనే ఉన్నాయి. “దూరం దూరం నుంచి జనం నాతోని ఉన్నరు. ఇప్పుడు నేను ఎనక్కి తగ్గితే ఏమనుకుంటరు?”

వాడు వెళ్లగానే ఆ వీడియో మీద ఫిర్యాదు పెట్టాను. ఏ భాష అని యాప్ అడిగింది. హిందీ ఉంది, తెలుగు ఉంది, సముద్రాల అవతలి భాషలున్నాయి. దోర్లి లేదు. ‘ఇతర’ అని నొక్కాను. పొద్దుగూకేలోగా జవాబొచ్చింది, మా నియమాలకు విరుద్ధమైనది ఏమీ కనిపించలేదని. అసలు వింటే కదా కనిపించడానికి.

సంత దగ్గరపడింది. భేజ్జి వైపు నుంచి కూడా కుర్రాళ్లు వస్తామని వీడియో కింద రాస్తున్నారు. లక్కే నా దుకాణానికి వచ్చింది.

“హరిబాబూ, నన్ను తియ్యి ఫోన్ల. నేను చెప్త.”

ముందు దోర్లిలో చెప్పింది. తర్వాత, బయటివాళ్లకు తెలియాలని, తనకొచ్చిన సంత హిందీలో చెప్పింది. మార్ కే భగావ్, కొట్టి తరమండి అంటున్నాడు నా కొడుకు, అది తప్పు, ఎవరూ రావద్దు, ఆమె నా పొలం గుంజుకోలేదు, ఆమె నా మహాప్రసాద్ అని.

“అక్కా, పేరు చెప్పాలె. లేకుంటే ఎవరి గురించో బయటోళ్లకు ఎట్ల తెలుస్తది?”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. నేను మళ్లీ అడగలేదు.

వీడియో పెట్టిన కాసేపటికే తీసేశారు. హింసను రెచ్చగొడుతోందట. కొడుకు దోర్లిలో కొట్టమంటే ఆ యంత్రానికి అర్థం కాలేదు. తల్లి హిందీలో కొట్టొద్దంటే సగం మాత్రం అర్థమైంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“నేను కొట్టొద్దన్న గదా,” అంది లక్కే.

“ఔనక్కా. వద్దనే అన్నవు.”

“సంతల చెప్తే ఎవరు తీసేస్తరు?” అంది లక్కే లేస్తూ.

సంత రోజు బుల్లమ్మ షెడ్డు మూయలేదు. మూసెయ్యమని నేనే చెప్పి చూశాను. “ఏడికి పోవాలె నేను?” అంది, చేపలు సర్దుకుంటూ.

ఎండెక్కాక మోటార్ సైకిళ్లు వచ్చాయి. చాలామంది ముఖాలు మేము ఎరగనివి. గడ్డపారలు తెచ్చారు. ముందు వీరేందర్, ఫోను పైకెత్తి లైవ్ పెట్టాడు. సగం సంత సామాను సర్దేసుకుంది. లక్కే తన చింతపండు గంప తెచ్చి షెడ్డు ముందు దించి, దాని పక్కన నిలబడింది.

“ముసలమ్మా, జరుగు,” అన్నాడొకడు. “పొలం దొంగకు అడ్డం నిలబడ్తవా?”

“ఈమె నా మహాప్రసాద్.”

“అందరికీ మహాప్రసాదులు ఉంటరు. మేం బుల్లమ్మ అనే దొంగ కోసం వచ్చినం, ఆమె దొంగ గాదంటే పేరు పెట్టి చెప్పు. ఆ పొలం గలామె వేరే ఉంది, ఆమె ఏడుస్తున్నదని వీరేందరే చెప్పిండు.”

లక్కే కొడుకువైపు చూసింది. వాడు ఫోనులోంచి చూస్తున్నాడు. ఈమె మా అమ్మేనని వాడు అనలేదు.

“ఆ పొలం గలామెను నేనే,” అంది లక్కే. “నేను లక్కేను. జోగ పెండ్లాన్ని. వీడు నా కొడుకు.” ఆగి, బుల్లమ్మవైపు తిరిగింది. వెనుక బుల్లమ్మ లేచి నిలబడి, వద్దు వద్దు అన్నట్టు చెయ్యి ఊపుతోంది. లక్కే మళ్లీ ముందుకు తిరిగింది. “బుల్లమ్మ నా పొలం గుంజుకోలే. నేనే ఇచ్చిన. బుల్లమ్మ పండించింది తిని నా కొడుకు పెరిగిండు. ఇది నా నోటితోని చెప్తున్న. బుల్లమ్మ.”

ఆ పేరు పలకడంతో ఆమె ఏం పోగొట్టుకుందో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఆకుకూరల ముసలామె ఒకతె నేల మీద చతికిలబడి ఏడ్చింది. మా ఊరి మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గంప పక్కన నిలబడ్డారు, నేనూ వెళ్లాను. బయటి కుర్రాళ్లు వీరేందర్‌వైపు చూశారు. వాడి చెయ్యి మెల్లగా దిగింది. పుట్టినప్పటి నుంచి తల్లి నోట వాడు వినని పేరది.

గడ్డపారలు దిగకుండానే బండ్లు వెళ్లిపోయాయి. వాడూ వాళ్లతోనే వెళ్లాడు, ఇంటికి రాలేదు. ఆ లైవ్‌ను తనే తీసేశాడు. పాత వీడియో మాత్రం ఇంకా ఉంది, ఇంకా తిరుగుతోంది.

సాయంత్రం బుల్లమ్మ ప్రతి సంతలోలాగే ఆకులో చేపలు చుట్టి లక్కేకు అందించింది. “మహా...” అని ఆగింది. చాలాసేపు ఆ పొట్లం ఇద్దరి చేతుల మధ్యా ఉండిపోయింది.

“లక్కే,” అంది చివరికి. “తీస్కో.”

ఇప్పుడు వాళ్లు సంతలో పక్కపక్కనే కూర్చుంటున్నారు. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటున్నారు, అక్కడున్న ఆడవాళ్లందరిలాగే.