పొగ పెట్టని రాత్రి

పదిహేను రాత్రులు కాపలా కాస్తే నాకు పడింది పదకొండు పురుగులు. నాతో చదివే స్వీటీకి ఒక్క రాత్రిలోనే అరవై.

మా జువాలజీ మేడం సుశీల గారు ముందే చెప్పారు, రాత్రి పురుగుల ఫొటోలు ఎవరు ఎక్కువ తెస్తే వాళ్లనే వానాకాలం తనతో అడవికి తీసుకెళ్తానని. ఒక్కటే సీటు. మా మొఘల్‌పురా బస్తీ దాటి నేను చూసిన అడవి జూపార్కే. ఆ సీటు నాకు కావాలి, అంతే.

మా బర్రెల కొట్టం గోడకు తెల్ల దుప్పటి కట్టాను. పైన నీలం ట్యూబు, ఎదురుగా అద్దం పగిలిన పాత ఫోను. దుప్పటి మీద ఏది కదిలినా ఫోను దానంతటదే ఫొటో తీసేలా చేశాను. చెయ్యి ఆడిస్తే టక్కున తీసేది. పురుగులే రాలేదు. ట్యూబు మార్చాను, దుప్పటి ఉతికాను, ఫోనును నోటికొచ్చినట్టు తిట్టాను.

గడువు రోజు మేడం నా ఫొటోలు చూసి, "ఈ పొగేంటి వర్షితా?" అన్నారు.

"ఏ పొగ మేడం?"

అన్నాక గానీ తట్టలేదు. బర్రెల్ని దోమలు కుట్టకుండా మా బాపు రోజూ పొద్దుగూకగానే పిడకల నిప్పు మీద పచ్చి వేపాకు వేస్తాడు. ఆ పొగలోనే పుట్టి పెరిగాను, నా ముక్కుకది ఎప్పుడూ తెలియదు. నా బుద్ధి ఏ గడ్డి తిన్నదో. సీటు స్వీటీకి పోయింది.

ఇంటికొస్తే బాపు చేతినిండా వేపరొట్ట.

"గంతెందుకు?"

"నువ్వు ఆడ కూసుంటున్నవ్ గద బిడ్డా. దోమలు కుడ్తయని నీకోసం జర ఎక్కువేస్తున్న."

"నీ పొగకే పురుగులు రాలే బాపు."

బాపు చెంబెడు నీళ్లు తెచ్చి నిప్పు మీద పోశాడు. "ఇయ్యాల పెట్టను తియ్."

గడువు అయిపోయిందని చెప్పలేదు. అంత కోపంగా ఉంది నాకు.

ఆ రాత్రంతా ఫోను టక్కుటక్కుమంటూనే ఉంది. కొట్టంలో బర్రెలు కాళ్లు నేలకు కొడుతూనే ఉన్నాయి. తెల్లారి చూస్తే వందకు పైగా పురుగులు. కొన్ని ఫొటోల్లో దుప్పటి అంచున బాపు చెయ్యి కూడా పడింది, గోనెసంచి ఊపుతూ బర్రెల మీది దోమల్ని తోలుతోంది.

పాలు పిండడానికి కూర్చున్న బాపు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పడ్డయా బిడ్డా?"

"మస్తు పడ్డయ్."

"అయితే ఇయ్యాల గూడ పెట్టను."