పూత రాకముందు

ల్యాబులో ఆరేళ్లు ఎలుకలతో కాపురం చేసి, తన పెద్దమ్మ వాడే మందు మొక్క విషమని తేల్చింది ఆ పరిశోధకురాలు. ఎక్కడినుంచో వచ్చి ఊరంతా పాకిన ఆ కలుపు ఎలుకల కాలేయాన్ని తినేస్తోందని పత్రం రాస్తే, సభలో చప్పట్లు మోగాయి. నలభై ఏళ్లుగా ఆ ఆకు కషాయం కాచిన పెద్దమ్మ మాత్రం కుండలు బోర్లించి, మందుకోసం వచ్చినవాళ్లని వెనక్కి పంపేసింది.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ల్యాబుకి అన్నం క్యారేజీ తెచ్చిన పెద్దమ్మ, బల్లమీద కాగితానికి అంటించిన ఎండు మొక్కని చూసి ఆగిపోయింది.

"ఇదేంటే, పువ్వుతో ఉంది?"

"పువ్వు లేకపోతే ఇది ఫలానా మొక్కేనని మావాళ్లు ఒప్పుకోరు పెద్దమ్మా. అందుకే పూసినవే కోస్తాం."

"ఎలుకలకి పెట్టిందీ ఇదేనా? నీ దుంపతెగ! పూత వచ్చాక దాన్ని గొడ్డు కూడా ముట్టదే. లేతప్పుడే కోయాలి."

ఆమె కుర్చీలోంచి లేచింది. "అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఇంత చదివినదానికి ఆపాటి తెలీదని ఎలా అనుకుంటానే? జనానికి విషం పోశానని నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను."

క్యారేజీ విప్పకుండానే ఇద్దరూ కాలువ గట్టుకి పరుగెత్తారు. గట్టునిండా రకరకాల లేత మొక్కలు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పూత లేకుండా దాన్ని పోల్చగలిగేది పెద్దమ్మ ఒక్కతే.

పెద్దమ్మ వంగింది. చెయ్యి ఒక మొక్క దాకా వెళ్లింది, పక్కదాని దాకా వెళ్లింది, వెనక్కి వచ్చేసింది.

"ఇప్పుడు నా కంటిమీద నాకే నమ్మకం లేదే, పువ్వు రానీ," అంది. "అప్పుడుగానీ చెప్పలేను."