ఎరుపెక్కని ఎర్రనీళ్ళు

పసుపునీళ్ళలో సున్నం వేస్తే ఎర్రబడతాయని తెలియని ఆడది మా హిందూపురంలో లేదు. ఎప్పుడు ఎర్రబడవో తెలిసిన మనిషి మాత్రం మా కస్తూరి చిన్నమ్మ ఒక్కతే. నేను ఎవరినీ ఊరికే పొగడను. ఇంట్లో నాకున్న పేరే గయ్యాళి. అట్లాంటి నేను చెబుతున్నాను, మా చిన్నమ్మకున్న బుర్ర మా వంశంలోని మగాళ్ళందరికీ కలిపినా లేదు.

మాది చింతపండు మండీ. ముందర మండీ, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. కొత్తవాళ్ళు గడపలో కాలు పెట్టగానే నోట్లో నీళ్ళూరుతున్నాయనేవారు. మాకు ఆ వాసనే తెలిసేది కాదు. పుట్టినప్పటి నుంచి ఆ గాలి పీల్చిన ముక్కులాయె. ఈ ముక్కుల సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

ఇంటికి పెద్ద మా అవ్వ రంగమ్మ. బొడ్లో ఎప్పుడూ వక్కాకు సంచీ, అందులో వెండి సున్నపుకాయ. మా నాయన నరసింహయ్య, చిన్నాయన శేషగిరి ఇద్దరూ బజారులో పులులే, అవ్వ ముందర మాత్రం పిల్లులు. మా అమ్మ నా చెల్లెలు బుజ్జమ్మను కని పురిట్లోనే పోయింది. తల్లిని మింగి పుట్టిందని అవ్వ ఆ పిల్ల మీద ముద్ర వేసేసింది. పాలు విరిగినా బుజ్జమ్మే, బండి ఇరుసు విరిగినా బుజ్జమ్మే. ఆరేళ్ళ పిల్ల పాపం, ఇంట్లో ఏదైనా పగిలిన చప్పుడైతే చాలు, ఎవరూ అడగకముందే వచ్చి నిలబడి "నేనేనవ్వా" అనేది. ముందే ఒప్పుకుంటే తిట్లు తొందరగా అయిపోతాయని దానికి తెలిసిపోయింది.

శార్వరి పోయి ప్లవ వస్తున్న ఏడు, ఉగాదికి ముందు ఒక అకాలవాన పడింది. మండీ కప్పు కారి కొత్త చింతపండంతా తడిసి బూజు పట్టింది. వాన కూడా బుజ్జమ్మ ఖాతాలోకే పోయింది. పండగ కాగానే ఆ పిల్లను ఓబులదేవరచెరువులో మా మేనమామ ఇంట్లో వదిలేసి రమ్మని అవ్వ తీర్పు చెప్పింది. ఆ మామకు ఇంటినిండా పిల్లలు, పెళ్ళాం పిల్లల మీద చెయ్యి చేసుకునే సంగతి ఊరంతటికీ తెలుసు. మా నాయన నేల చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయి రెండు పూటలు అన్నం మానేశాను. నేను మానేస్తే ఎవరికి నష్టం, నాకే ఆకలి.

అప్పుడు నోరు తెరిచింది చిన్నమ్మ. ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చి ఇంకా ఎంతో కాలం కాలేదు. బుజ్జమ్మను పక్కలో పడుకోబెట్టుకునేది, జడ వేసేది. అత్తకు ఎదురు చెప్పలేదు, ఒక్క కోరిక అడిగింది, అంతే.

మా ఇంట్లో ఉగాది పొద్దున ఒక ఆచారం ఉంది. అవ్వ ఇత్తడి గంగాళంలో పసుపునీళ్ళు కలుపుతుంది. ఇంటి ఆడపిల్ల అందులో సున్నం వేసి తిప్పుతుంది. ఆ ఎర్రనీళ్ళతో మనుషులకూ ఎద్దులకూ చివరికి మండీలో తక్కెడకూ దిష్టి తీస్తారు. నీళ్ళు ఎంత ఎర్రగా వస్తే ఏడాది అంత బాగుంటుందని నమ్మకం. ఏటా సున్నం వేసేది నేనే, బుజ్జమ్మను దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. ఈసారి ఆ పిల్ల చేత వేయించమని చిన్నమ్మ అడిగింది. ఎర్రగా వస్తే అది మంచి చెయ్యేనని ఒప్పుకోవాలంది.

అవ్వ చాలాసేపు వక్కాకు నమిలింది. "సరే. ఎరుపొస్తే పిల్ల ఈడే ఉంటాది. రాకుంటే మధ్యాన్నం బస్సుకే పోతాది. మళ్ళ నన్నడగొద్దు" అంది.

చిన్నమ్మ వంటింట్లోకొచ్చి నన్ను చూసి నవ్వింది. పసుపులో సున్నం పడితే ఎర్రబడక ఏం చేస్తుంది? ఓడిపోవడానికి వీల్లేని పందెం చూసి మరీ కట్టింది. ఆ తెలివికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఉగాది తెల్లవారింది. గడపకు మామిడాకులు, వాకిట్లో ముగ్గు. బుజ్జమ్మ తలంటుకుని కొత్త పావడా కట్టుకుని గంగాళం ముందర నిలబడింది. ఆ ఏడు గంగాళం బంగారంలా మెరుస్తోంది. సున్నం ఉండను పిల్ల నీళ్ళలో వదిలింది. పడినచోట ఎర్రటి మరక విచ్చుకుంది. నేను చప్పట్లు కొట్టబోయాను. పిల్ల గరిటెతో తిప్పింది. తిప్పేకొద్దీ ఎరుపు కరిగిపోయి, మళ్ళీ ఉత్త పసుపునీళ్ళే మిగిలాయి. ఇంకో ఉండ వేసింది. అదీ అంతే, వచ్చినట్టే వచ్చి పోయింది.

రాకపోయి ఉంటే సున్నం మంచిది కాదనుకునేవాళ్ళం. వచ్చి పోవడం చూసేసరికి అందరికీ అపశకునంలా తోచింది. ఎరుపు పారిపోయిందమ్మా అని పక్కింటి సోమక్క బుగ్గలు నొక్కుకుంది. కందకు లేని దురద ఆ కత్తిపీటకెందుకో నాకిప్పటికీ తెలియదు. అవ్వ నాయన వైపు చూసింది. ఆయన లోపలికి పోయి బుజ్జమ్మ బట్టల మూట కట్టడం మొదలుపెట్టాడు. పిల్ల ఏడవలేదు. గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది, అది చూసి నేనే ఏడ్చాను.

చిన్నమ్మ ముఖం కూడా పాలిపోయింది. కానీ ఆమె బుజ్జమ్మను చూడలేదు, గంగాళాన్ని చూసింది. ఆమె పుట్టిల్లు ధర్మవరం. వాళ్ళ ఇంటి వెనకాలే పట్టునూలుకు రంగులు అద్దే కాగులు మరుగుతుండేవట. అక్కడ రంగు తిరగబడితే మనిషిని తిట్టరట, నీళ్ళను చూస్తారట. చిన్నమ్మ వంగి నీళ్ళ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. ఇంటిల్లిపాదిలో పనిచేసే ముక్కు అదొక్కటే కదా. తర్వాత లేచి, బస్సుకు ఇంకా పొద్దుందనీ, అంతవరకూ పిల్లలను ఆడించుకుంటాననీ అత్తను అడిగింది. అవ్వ చెయ్యి ఊపింది, ఏమన్నా చేసుకోమన్నట్టు.

నన్నూ బుజ్జమ్మనూ సోమక్క పిల్లలనూ వంటింట్లో వరసగా కూర్చోబెట్టింది. ఒక్కొక్కరి ముందర తెల్లటి పింగాణీ సాసరు పెట్టి పసుపునీళ్ళు పోసింది. సున్నం చేత్తో ముట్టొద్దు, కళ్ళు మండుతాయని తలా ఒక పుల్ల ఇచ్చింది. సున్నం అద్దిన పుల్లతో అందరం నీళ్ళు తిప్పాం. అన్నీ ఎర్రబడ్డాయి. బుజ్జమ్మది కూడా. ఆ పిల్ల సాసరు వైపు చూసి, మా సాసర్ల వైపు చూసి, మళ్ళీ తన సాసరు చూసుకుంది. అందరికంటే అదే ఎర్రగా ఉంది మరి.

ఇప్పుడు చింతపండు పిసికిన రసం తలా కాస్త పోయమంది చిన్నమ్మ. పోశాం. ఎరుపు మాయమైంది, పసుపు తిరిగొచ్చింది! పిల్లలం ఒకటే కేకలు. మళ్ళీ సున్నం, మళ్ళీ ఎరుపు. మళ్ళీ పులుసు, మళ్ళీ పసుపు. నవ్వకూడని రోజని మరిచిపోయి బుజ్జమ్మ కూడా పకపక నవ్వింది. పులుపు ఉన్నచోట సున్నం బలం చాలదనీ, సున్నం ఎక్కువ వేస్తే పులుపే ఓడిపోతుందనీ చిన్నమ్మ చెప్పింది. బళ్ళో నేను నేర్చుకున్నదేదీ నాకు గుర్తులేదు కానీ ఈ మాట మరిచిపోలేదు.

ఆ నవ్వులు విని అవ్వ వంటింటి వాకిలి దగ్గరికొచ్చి నిలబడింది. ఎంతసేపు చూసిందో మరి. చిన్నమ్మ ఆమెను చూసి కూడా చూడనట్టే, "బుజ్జీ, ఇంకోసారి చెయ్యి తల్లీ" అంది. అవ్వ కళ్ళముందరే ఆ పిల్ల చేతిలో ఎరుపు వచ్చింది. పులుసు పడగానే పోయింది.

చిన్నమ్మ లేచి గంగాళం తెచ్చి వంటింటి నడుమ పెట్టింది. చెయ్యి ముంచి అడుగంతా తడిమి, పిడికెడు చింతపండు పీచు తీసి అరచేతిలో చూపించింది. "గంగాళంలో పులుపుండాదత్తా. పిల్ల చేతిలో ఏం లేదు" అంది.

ఇత్తడి మెరవాలంటే చింతపండుతో తోమాలి. ఆ గంగాళాన్ని ముందురోజు సాయంత్రం తోమింది అవ్వే. ఇంకొకరి చెయ్యి పడితే మెరుపు రాదని ఆమె నమ్మకం. ఆ ఏడు ఇంకా మెరవాలని దండిగా పట్టించి నాననిచ్చింది. తానే కడిగేశాననుకుని తెల్లవారుజామున మసక చీకట్లో దాంట్లోనే నీళ్ళు పోసి పసుపు కలిపేసింది. పులుపు వాసన తగిలే ముక్కు ఆమెకుంటే కదా! ఇదంతా ఆ క్షణంలో మా అందరికీ అర్థమైంది. చెప్పే ధైర్యం ఎవరికుంది?

అవ్వ పీచు వైపు చూస్తూ, తనను తాను అడుగుతున్నట్టు, "ఎవురు తోమినారో దీన్ని" అంది.

బుజ్జమ్మ నవ్వు ఆపేసింది. పుల్ల కింద పెట్టి, లేచి, పావడా సరిచేసుకుని అవ్వ ముందరికి పోయి నిలబడింది.

"నేనేనవ్వా" అంది.

మా అవ్వ కంట నీళ్ళు నేను చూడటం అదే మొదటిసారి. ఆమె గోడ పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుంది. "కాదే తల్లీ. నేను. నేనే తోమినా" అంది. ఎప్పుడూ ఏ తప్పూ ఒప్పుకోని మనిషి ఆ పిల్ల ముందర ఒప్పుకుంది. తర్వాత బొడ్లోంచి సంచీ తీసి, సున్నపుకాయ మూత తెరిచి బుజ్జమ్మ చేతికిచ్చింది. అంతా వేసేయమంది. మూట సగం కట్టిన నాయన కూడా వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

పిల్ల పుల్లతో గీకి గీకి అంతా వేసింది, గరిటెతో తిప్పింది. పసుపు కాస్త కాస్తగా ముదిరి, నారింజ రంగుకొచ్చి, ఉన్నట్టుండి చిక్కటి ఎరుపైంది. ఈసారి ఎంత తిప్పినా పోలేదు. నేను చిన్నమ్మ నడుము వాటేసుకున్నాను. గెలిచిన మనిషి గర్వం ఆమె ముఖంలో ఎంత వెతికినా కనపడలేదు. ఆమె బుజ్జమ్మ మూట విప్పి బట్టలు మళ్ళీ పెట్టెలో పెట్టడానికి పోయింది.

ముందు ఎద్దులకు, తర్వాత మగవాళ్ళకు తీయడం రివాజు. అవ్వ ఆ రివాజును పక్కన పెట్టి పళ్ళెంలో ఎర్రనీళ్ళు పోసుకుని బుజ్జమ్మకు దిష్టి తీసింది. ఒక పళ్ళెం వీధిలో పారబోసి వచ్చి ఇంకో పళ్ళెం నింపింది, మళ్ళీ బుజ్జమ్మకే. ఇన్నేళ్ళ తిట్లన్నీ ఒక్కపూటలో కడగాలనుకుందో ఏమో. తక్కెడకు ఎర్రనీళ్ళు ఏవని మండీలోంచి చిన్నాయన కేకేసే సరికి గంగాళం ఖాళీ అయిపోయింది.