నుదురు లేని యంత్రం

నేను ఒక పోపులపెట్టెంత యంత్రాన్ని. ముందువైపు సన్నటి జాలీ ఉంటుంది, అదే నా నోరు. అందులోకి వచ్చిపడే అయాన్లను లెక్కపెట్టడమే నా పని. నన్నూ, అచ్చం నాలాగే ఉండే అక్కనూ ల్యాబులో ఒకే బల్ల మీద బిగించింది ఇంజనీరు పరిమళ. ఇద్దరం వందకి వంద చెప్పేవాళ్లం. అక్క అంగారకుడి చుట్టూ తిరగడానికి వెళ్లింది. నేను అదనం. దానికేమైనా అయితే పోల్చి చూసుకోవడానికి, గాలి తీసేసిన ఇనుప పీపాలో నాలుగు మరలకు బిగిసి ఉన్నాను.

అక్క చూసేదేమిటో చెప్తాను. ఆ గ్రహానికి భూమికున్నట్టు అయస్కాంతపు గొడుగు లేదు. పైపొరలోని ఆక్సిజన్ పరమాణువును మామూలుగా దాని బరువే గ్రహం దాటి పోనివ్వదు. ఎండ దెబ్బకి ఒక ఎలక్ట్రాన్ ఊడిందా, అయాన్ అయిపోతుంది. అప్పుడు సూర్యుడి నుంచి వీచే గాలి దాన్ని కొంగు పట్టుకుని లాక్కుపోతుంది. ఇక తిరిగి రాదు. ఒక ముక్క ఊడితే విడుదల! నాకైతే నాలుగు మరల్లో ఒక్కటీ వదులు కాదు.

రెండేళ్ల తర్వాత నన్ను పరీక్షించారు. వంద అయాన్లు వదిలితే యాభై అన్నాను. ప్రాజెక్టు పెద్ద విఠల్ గారు తల పట్టుకున్నారు.

"ఏసీలో కూర్చున్నదానికే చూపు సగం పోయిందంటే, అక్కడ ఎండలో తిరిగేదాని మాట ఏం నమ్ముతామమ్మా పరిమళా? సోమవారం దాన్ని ఆపేద్దాం. ఆ కరెంటేదో అదే నౌకలో ఉన్న కెమెరాకిద్దాం."

అక్క చెప్పేది నిజం. లోపం నాలో ఉంది. నోటికి అడ్డుపడిందేమిటో కూడా తెలుసు. కానీ నా నోరు లెక్కకే గానీ మాటకు పనికిరాదు.

శనివారం పరిమళ పీపా తెరిచింది. టార్చి వేసి, భూతద్దంలోంచి చూసి, నవ్వాపుకోలేకపోయింది.

"సార్, దీనికి వయసేం మీదపడలేదండీ. ఆయుధపూజకి బయటికి తీసినప్పుడు మీరు పెట్టిన బొట్టు!"

"నేను నుదుటికే పెట్టానమ్మా!"

"దీనికి నుదురెక్కడుందండీ? ముందున్నదంతా నోరే. పైపైన తుడిచాను, జాలీ లోపలికి రాలింది కనబళ్లేదు."

విఠల్ గారు కళ్లజోడు తుడుచుకోవడంలో మునిగిపోయారు.

కుంకుమ తీశాక వందకి వంద చెప్పాను. అక్కను ఆపలేదు. ఇకపై దాని మీద ఎప్పుడు అనుమానం వచ్చినా నన్నే అడగాలని తీర్మానించారు. అంటే, అక్క తిరిగినన్నాళ్లూ నాకు ఈ పీపాయే.

పరిమళ తలుపు బిగించి పంపు వేసింది. నా చుట్టూ ఉన్న గాలి బుస్సుమంటూ గొట్టంలోంచి బయటికి పోయింది. ఒక్క అణువూ వెనక్కి తిరిగి చూడలేదు.